హనుమప్ప నున్నగా పూసిన ఆకాశం

ఎనభైల్లో నారాయణగూడలోనూ దోమలగూడలోనూ లేచిన ఇళ్ళలో ఏ గోడకైనా అరచేయి ఆనించి ఈ చివర నుంచి ఆ చివరకు జరిపి చూడండి. చేయి ఎక్కడా తట్టుకోకుండా జారిపోయిందా, ఆ గోడకు గిలాబు చేసింది హనుమప్పే. ఇటుకల మీద సిమెంటు పూసి నున్నగా తీర్చే ఈ గిలాబు పనిలో చిక్కడపల్లి చుట్టుపక్కల అతనికి సాటి లేడని మిగతా మేస్త్రీలు కూడా ఒప్పుకునేవారు. సంతోషంగా ఒప్పుకున్నారని కాదు. గోడలు కళ్ళెదురుగా ఉంటే ఒప్పుకోక ఏం చేస్తారు పాపం!

అటువంటి హనుమప్ప కుడి చేయి తొంభయ్యో సంవత్సరం దసరా దాటాక వణకడం మొదలుపెట్టింది. ఊరికే కూర్చుంటే ఏమీ లేదు, బుద్ధిగా ఒళ్ళో పడుకునేది. తాపీ ఎత్తాడంటే చాలు, గజగజ. రెండు నెలలు ఎలాగో నెట్టుకొచ్చాడు. పాలమూరు నుంచి తనతో పాటే వలస వచ్చిన భార్య కురుమమ్మ సిమెంటు మాలు అందిస్తూ, అతని మోచేయి కింద తన భుజం పెట్టి ఆసరా ఇచ్చేది. కానీ గోడ అబద్ధం చెప్పదు కదా. ఒకనాడు కాంట్రాక్టర్ జైపాల్ ఇంటి యజమానిని వెంటబెట్టుకుని వచ్చి, పక్క నుంచి ఎండ పడుతున్న గోడను చూసి, "నీ గోడ మీద అలలొస్తున్నయ్ మేస్త్రీ" అన్నాడు. హనుమప్పకు అది చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. మర్నాటి నుంచి అతను అశోక్ నగర్‌లో జైపాలే కడుతున్న కొత్త బిల్డింగుకు వాచ్‌మన్. నిన్నటిదాకా మేస్త్రీ అని పిలిచిన నోళ్ళే ఓయ్ వాచ్‌మన్ అనడం మొదలుపెట్టాయి.

చేయి సంగతి ఇంకా నలుగురికీ తెలిస్తే ఈ పని కూడా ఊడుతుందని అతని భయం. అందుకని కుడి చేతికి ఎర్ర తువ్వాల చుట్టుకుని తిరిగేవాడు. ఏమైందని ఒకరడిగితే కురుపన్నాడు. ఇంకొకరికి కాలిందన్నాడు. మూడో మనిషికి తేలు కుట్టిందన్నాడు. ఆ ముగ్గురూ రోజూ ఒకే హోటల్లో, ఒకే బల్ల మీద చాయ్ తాగుతారన్న సంగతి మాత్రం ఆలోచించలేదు మహానుభావుడు.

ఆ బిల్డింగుకు ఆనుకుని మనోరమ గారి మూడంతస్తుల ఇల్లుంది. డాబా మీది ఒంటి గదిలో ఇంద్రసేన అనే కుర్రాడు అద్దెకుండేవాడు. అశోక్ నగర్‌లో గది తీసుకున్న ప్రతివాడూ సర్కారు నౌకరీ పరీక్షకు చదువుతుంటే, ఇతను మాత్రం యూనివర్సిటీలో ఆకాశం మీద పరిశోధన చేస్తున్నాడు. తొంభై ఒకటి ఫిబ్రవరిలో డాబా మీద ఒక పెద్ద యాంటెన్నా నిలబెట్టి, పక్కన రేకుల షెడ్డు వేసి, అందులో ఒక మిషను పెట్టాడు. అప్పుడు కువైట్ యుద్ధం జరుగుతోంది. యాంటెన్నా చూసిన దగ్గర్నుంచి మనోరమ గారు రోజూ పొద్దున్నే మూడంతస్తులు ఎక్కి, కువైట్‌లో ఏమైందని అడిగి దిగిపోయేవారు. అది యుద్ధం కోసం కాదని ఇంద్రసేన పదిసార్లు చెప్పాడు. పదకొండోసారి విసుగెత్తి, ఇంకా తేలలేదండీ అన్నాడు. ఆవిడ తృప్తిగా దిగిపోయారు.

ఇంద్రసేనకు ఒక చిక్కు వచ్చింది. మిషను సాయంత్రం ఆరు నుంచి రాత్రి పన్నెండు దాకా నడవాలి. ఎక్కడో ఆకాశంలో కదలకుండా నిలబడ్డ ఉపగ్రహం పంపే సిగ్నల్‌ను యాంటెన్నా పట్టుకుంటుంది. మిషనులోని పెన్ను, మెల్లగా కదిలే కాగితం చుట్ట మీద దాన్ని గీతగా గీస్తుంది. ఎవరో ఒకరు దగ్గరుండి సిరా పోయాలి, చుట్ట మార్చాలి, అరగంటకోసారి గుర్తు పెట్టాలి. ఇంద్రసేనేమో పొట్ట గడవడానికి సాయంత్రాలు కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాడు. పదిన్నరకు వచ్చేసరికి గొంతు పోయి, ఇంత తిని శవంలా పడుకుంటాడు. అందుకని పక్క బిల్డింగు వాచ్‌మన్‌ను అడిగాడు. పని ఏమీ లేదన్నా, చూస్తూ కూర్చోవడమే, సిరా, చుట్ట, గుర్తు తప్ప ఇంకేదీ ముట్టద్దు, ముఖ్యంగా గుండ్రంగా తిప్పే ఈ మూడో మరను అసలే ముట్టద్దు అన్నాడు. చేతులతో పెద్దగా పనిలేదనే మాట వినగానే హనుమప్పకు ప్రాణం లేచొచ్చింది. కాపలా కాయవలసిన బిల్డింగు డాబా మీద నుంచి ఎలాగూ కనబడుతుంది, జీతమెంతో అడగడం కూడా మర్చిపోయి ఒప్పుకున్నాడు. తర్వాత కురుమమ్మ వెళ్ళి, కింద మెట్ల దగ్గరే అతన్ని ఆపి అడిగొచ్చింది.

మొదటి రెండు రోజులు అతనికి అది నౌకరీలా లేదు, పండగలా ఉంది. పెన్ను కాగితం మీద గీత గీసుకుంటూ పోతోంది, ఎక్కడా వంకర లేదు. ఇంత నిదానంగా, ఇంత సాఫీగా పనిచేసే మేస్త్రీని అతను జన్మలో చూడలేదు. అరగంటకోసారి గుర్తు పెట్టడానికి స్టీలు స్కేలు ఎడమ చేత్తో నొక్కిపట్టి, దాని వెంట పెన్సిలును జరిపేవాడు. స్కేలు పట్టు ఉంటే కుడి చేయి కొంచెం మాట వినేది.

మూడో రోజు ఎనిమిది దాటి పది నిమిషాలైంది. పెన్ను వణికింది.

హనుమప్ప ముందు తన చేయి చూసుకున్నాడు. తువ్వాలలో ముడుచుకుని ఉంది. బల్ల కదులుతోందేమోనని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. పెన్ను ఇంకా ఎక్కువ ఊగింది. బల్ల వదిలేసి, ఊపిరి బిగబట్టి, పిట్టగోడ దాకా వెనక్కి నడిచి అక్కడ నుంచి చూశాడు. ఊగుతూనే ఉంది, పైకీ కిందకీ, పిచ్చిపట్టినట్టు. ఇంక అతనికి అనుమానం లేదు. తన వణుకు మిషనుకు అంటుకుంది. అంటుకోకపోయినా సారు అదే అనుకుంటాడు. పొద్దున్నే ఈ కాగితం విప్పుతాడు, అలలు చూస్తాడు, తర్వాత తువ్వాల విప్పమంటాడు. ఆ తర్వాత ఏం జరుగుతుందో హనుమప్పకు జైపాల్ నేర్పే ఉన్నాడు.

కొంప మునుగుతున్నప్పుడు ముట్టద్దన్న మరను ముట్టని మనిషెవరు! మూడో మరను ఎడమ చేత్తో పట్టుకుని చివరిదాకా తిప్పేశాడు. పెన్ను తూలింది, తమాయించుకుంది, తర్వాత నిదానంగా గీత గీసుకుంటూ పోయింది. అది సిగ్నల్‌లోని చిన్న చిన్న అదురులను సగటు చేసి సర్దేసే మర అని అతనికి తెలియదు. చెక్క బద్ద పెట్టి లాగితే ఎగుడుదిగుడు సిమెంటు చదునైనట్టు అయిందనే అతనికి అర్థమైంది. అంతమాత్రం అర్థమైతే చాలు. మధ్యమధ్య మరను వెనక్కి తిప్పి, వణుకు ఇంకా ఉందో పోయిందో చూసి, మళ్ళీ సర్దేవాడు. పదకొండున్నరకు పోయింది. మరను పాత చోటుకే తిప్పి, పన్నెండు కొట్టాక చుట్ట చుట్టి, మిషను ఆపి, చెమట తుడుచుకుని ఇంటికి పోయాడు. మర తిప్పిన చోటా, వెనక్కి పెట్టిన చోటా కాగితం అంచున ఒక్కొక్క చుక్క పెట్టుకున్నాడు. పని ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకోవడం మేస్త్రీలకు పుట్టుకతో వచ్చిన అలవాటు.

పొద్దున ఇంద్రసేన కాగితం చూసి, మధ్యలో ఒకటి రెండు గీకులను కరెంటు అదురనుకుని, "ఎంత నీట్‌గ ఉందన్నా" అన్నాడు. నాలుగు నెలల తర్వాత ఒక మనిషి అతని పనిని మెచ్చుకోవడం అదే. ఆ పూటంతా హనుమప్ప కాలు నేల మీద ఆనలేదు.

అలా రోజు విడిచి రోజు, ఒక్కోసారి వరుసగా నాలుగు రోజులు, వణుకు రావడం, హనుమప్ప దాన్ని పూడ్చడం. మార్చి సగానికి వచ్చేసరికి చేయి తిరిగిన పనిమంతుడయ్యాడు. పెన్ను రెండోసారి వణికేలోపే గీత సాఫీ అయిపోయేది. ఎక్కడో యుద్ధం ముగిసింది, మనోరమ గారు పొద్దున్నే రావడం మానేసి సాయంత్రాలు ఎక్కి రావడం మొదలుపెట్టారు, ఈసారి హనుమప్పను ఎలక్షన్ల సంగతి అడగడానికి.

ఇక్కడ ఇంద్రసేన గతి చెప్పాలి. అతని గైడు ప్రొఫెసర్ శ్రీపతి గారు నారాయణగూడ పాత కాపురస్తులు. యూనివర్సిటీలో ఆయన దగ్గర ఇలాంటిదే ఇంకొక మిషనుంది. రెండు చోట్లా ఒకేసారి గీస్తే, పైన ఆకాశంలో సిగ్నల్‌ను ఊపే చెదరింపులు ఎటు, ఎంత వేగంగా పోతున్నాయో పట్టుకోవచ్చని ఆయన ఆలోచన. తీరా చూస్తే యూనివర్సిటీ కాగితం మీద రాత్రి రాత్రికీ పెన్ను గంతులు వేస్తోంది, నాలుగు కిలోమీటర్ల అవతల అశోక్ నగర్ కాగితం మీద నిద్రపోతున్న చెరువు. ఇంద్రసేన మిషను విప్పించి పరీక్ష చేయించాడు. నిక్షేపంలా ఉంది. అప్పుడు అతనికి ఒక గొప్ప ఆలోచన తట్టింది. వయసు అలాంటిది మరి! హుస్సేన్ సాగర్ తేమ వల్లనో మరి దేని వల్లనో అశోక్ నగర్ మీది ఆకాశం ప్రత్యేకమైనదని, ఇక్కడ చెదరింపులు రావని, దానికి ప్రశాంత మండలమని పేరు పెట్టి పది పేజీల వ్యాసం రాశాడు. చాయ్ హోటల్లో అందరికీ చెప్పాడు. పరీక్షలకు చదివే కుర్రాళ్ళు ప్రశాంత మండలంలో కూర్చుని ఇంకో చాయ్ ఎక్కువ తాగారు.

శ్రీపతి గారు వ్యాసం చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మూడొందల కిలోమీటర్ల పైన ఉన్నదానికి అశోక్ నగర్ ఎక్కడ మొదలైతదో ఎట్ల తెలుస్తదయ్యా? బోర్డు కట్టినవా?" అని అడిగి, బుధవారం తానే వచ్చి చూస్తానన్నారు. చూసి తేలేదాకా వ్యాసం ఎక్కడికీ పంపద్దన్నారు.

పెద్దసారు వస్తున్నాడని తెలిసిన రోజు నుంచి హనుమప్పకు అన్నం సయించలేదు. కురుమమ్మ నిలదీస్తే మొత్తం చెప్పేశాడు. ఆమె నెత్తి కొట్టుకుంది. ముందే చెప్పేస్తే పీడా పోయేది కదా అంది. చెబితే నౌకరీ పోతుందన్నాడు. చెప్పకపోతే రెండు నౌకరీలూ పోతాయి, జైపాల్ చెవిన కూడా పడుతుందని ఆమె లెక్క తేల్చింది. ఆ రాత్రి ఇద్దరూ నిద్రపోలేదు.

బుధవారం సాయంత్రం శ్రీపతి గారు ఆయాసపడుతూ డాబా ఎక్కి, మిషను ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఇంద్రసేన కోచింగ్ ఎగ్గొట్టి పక్కన నిలబడ్డాడు. హనుమప్ప మూడో మరకు బారెడు దూరంలో నిలబడ్డాడు. ఎనిమిది కొట్టింది. ఎనిమిదీ పన్నెండుకు పెన్ను ఒకసారి అదిరి, ఆగి, తర్వాత విరగబడి ఊగడం మొదలుపెట్టింది. ఇంద్రసేన ప్రశాంత మండలం కళ్ళ ముందే కొట్టుకుపోతోంది. హనుమప్ప ఎడమ చేయి అలవాటు చొప్పున మర వైపు సగం దూరం వెళ్ళి ఆగిపోయింది. శ్రీపతి గారు పెన్నును వదిలేసి ఆ చేతిని చూశారు.

"నేను ముట్టలే సారూ, నా చెయ్యి వల్ల గాదు" అన్నాడు హనుమప్ప. అడగకుండానే తువ్వాల విప్పేశాడు. పెన్సిలు పట్టుకుని చేయి చాచి చూపించాడు. మిషనులో పెన్నూ, బయట పెన్సిలూ రెండూ వణుకుతున్నాయి. ఇంక దాచడానికి ఏమీ మిగలలేదు గనుక మూడో మర సంగతి, ఫిబ్రవరి నుంచీ పూడ్చిన వణుకుల సంగతి, జైపాల్ సంగతి అన్నీ ఒక్క గుక్కలో కక్కేశాడు. వణుకు కనపడితే తీసేస్తరని దాచిన సారూ, తప్పయింది అన్నాడు.

శ్రీపతి గారికి నవ్వు ముంచుకొచ్చింది. ఆపుకుందామని చూసి ఆపుకోలేక దగ్గు తెచ్చుకున్నారు. ఇంద్రసేనకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. పది పేజీల వ్యాసం, చాయ్ హోటల్లో పరువు, నెలన్నర కాగితాలు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. "రేపటికెల్లి రావద్దు నువ్వు" అన్నాడు. హనుమప్ప తలూపాడు. ఇదే మాటకు ఇన్నాళ్ళూ భయపడ్డాడు. సిరా సీసాకు మూత పెట్టి, స్కేలు బల్ల మీద సరిగ్గా సర్దాడు.

దగ్గు తగ్గాక శ్రీపతి గారు అతన్ని ఆపి కూర్చోబెట్టారు. తిట్టడానికి కాదు, చెప్పడానికి. పగలంతా ఎండకు పైన గాలి విరిగి ఒక పొరలా తయారవుతుందట. పొద్దు గూకాక ఆ పొర అడుగు పలచబడుతుంది, పైన బరువు అలాగే ఉంటుంది. అప్పుడు పొయ్యి మీద సంకటి ఉడికేటప్పుడు అడుగు నుంచి బుడగ లేచినట్టు, పలచని బుడగలు పైకి లేస్తాయి. ఒక్కోటి పదుల కిలోమీటర్లుంటుంది. ఉపగ్రహం సిగ్నల్ ఆ బుడగల్లోంచి రావాలి కాబట్టి వణుకుతుంది. "ఈ వణుకు కోసమే మేము మిషను పెట్టినం హనుమప్ప. నేను ఇరవై ఏండ్ల సంది దీన్నే చూస్తున్న" అన్నారు.

హనుమప్ప నోరు తెరుచుకుని విన్నాడు. వణుకును జీతమిచ్చి చూసే మనుషులు ఉంటారని అతను ఊహించలేదు. నెలన్నర పాటు వాళ్ళకు కావలసిన దాన్నే పూడ్చి పెట్టానని తెలిసి సిగ్గుతో చచ్చిపోయాడు. పోయేవాడు పోతూ పోతూ చేతనైనది ఇచ్చి పోదామనుకున్నాడేమో, కాగితం అంచున చుక్కలు చూపించాడు. ఏ రాత్రి వణుకు ఎప్పుడు మొదలైందో ఎప్పుడు పోయిందో అన్నీ ఉన్నాయన్నాడు. శ్రీపతి గారి నవ్వు ఆగిపోయింది. హనుమప్ప ఇంకొక సంగతి కూడా చెప్పాడు.

"వణుకు వచ్చే రోజు ముందే ఎర్కైతది సారూ. పొద్దు గూకంగనే గీత మీద పెద్ద అల లేస్తది. నిలబడి చూస్తే కానరాదు."

మరెలా కనిపిస్తుందని ఆయన అడిగితే, హనుమప్ప బల్ల మీద చెంప ఆనించి, ఎడమ కన్ను మూసి, గీత వెంబడి చూశాడు. గిలాబు అయ్యాక గోడ మూలకు చెంప ఆనించి ఇరవై ఏళ్ళు అతను చూసిన చూపు అది. పైనుంచి చూస్తే తిన్నగా ఉన్న గీత, పక్క నుంచి చూస్తే బారుగా, మెల్లగా లేచి పడుతుంది. శ్రీపతి గారు కళ్ళజోడు తీసి, బల్ల అటువైపు చెంప ఆనించారు. తర్వాత ఇంద్రసేనను పిలిచారు. ఇంద్రసేన కోపంతోనే వంగాడు, వంగినవాడు లేవలేదు.

సరిగ్గా అప్పుడే మనోరమ గారు ఎలక్షన్ల సంగతి కనుక్కుందామని షెడ్డు గుమ్మంలోకి వచ్చారు. ముగ్గురు మగవాళ్ళు, అందులో ఒకరు తల నెరిసిన ప్రొఫెసరు, ఒకే బల్ల మీద చెంపలు పెట్టి ఒక్కొక్క కన్ను మూసుకుని ఉన్నారు. ఎవరూ ఆవిడ వైపు చూడలేదు. ఆవిడ చెప్పుల చప్పుడు కాకుండా మూడంతస్తులూ దిగిపోయి, ఆ వారం మళ్ళీ పైకి రాలేదు.

ఆ రాత్రి పాత చుట్టలన్నీ డాబా మీద పరిచి, ట్యూబులైటు తెచ్చి వేలాడదీసి, ముగ్గురూ బోర్లా పడుకుని చూశారు. హనుమప్ప మర తిప్పి చిన్న వణుకును సర్దేసిన చోట, అంతకు ముందే లేచిన పెద్ద అల సాగింపు ఇంకా తేటగా కనిపించింది. వణుకు వచ్చిన ఇరవై ఆరు రాత్రుల్లో ఇరవై రెండింటికి ముందు అల లేచింది. రెండు రాత్రులు అల లేచినా వణుకు రాలేదు. అందుకు హనుమప్ప క్షమాపణ చెప్పుకున్నాడు. అది నీ తప్పు కాదయ్యా అని శ్రీపతి గారు ఓదార్చవలసి వచ్చింది. ప్రశాంత మండలం చింపేసి ఈ అల గురించి రాయమని ఇంద్రసేనతో అన్నారు. లేచి చొక్కా దులుపుకుంటూ, "ఈయనను తీసేసినవనుకో, నేను నిన్ను తీసేస్త" అని మెట్లు దిగారు.

ఇంద్రసేన నాలుగు రోజులు ముఖం చాటేశాడు. ఐదో రోజు పొద్దున్నే వచ్చి, ఏ కన్ను మూసుకోవాలన్నా, కుడిదా ఎడమదా అని అడిగాడు. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటలు మామూలయ్యాయి.

ఆ రాత్రి కురుమమ్మ అన్నం గిన్నె పట్టుకుని మొదటిసారి డాబా ఎక్కింది. హనుమప్ప మిషను ముందు కూర్చుని ఉన్నాడు. తువ్వాల భుజం మీద ఉంది, చేయి బయట ఉంది. చేయడానికి పనేమీ లేదు, మర ముట్టే అవసరమూ లేదు. ఆమె గిన్నె మూత తీసేలోపే పెన్ను వణకడం మొదలుపెట్టింది. హనుమప్ప కదలలేదు. ఊగుతున్న పెన్నును ఆమెకు చూపించి, "పైన గిలాబు చేసేటోనికి గూడ చెయ్యి వణుకుతున్నది సూడే" అన్నాడు.

కురుమమ్మ పెన్నును చూసింది. షెడ్డు బయటికి వెళ్ళి తలెత్తి ఆకాశమంతా ఒకసారి చూసింది. లోపలికి వచ్చి అతని కుడి చేతిలో ముద్ద పెట్టింది.

"ఆయన మీద జైపాల్ లేడు గద" అంది.